రన్ అంటే పరుగెత్తడమే అయితే ముక్కు ఎక్కడికి పరుగెత్తుతోంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: “కొత్తగా ఉద్యోగంలో చేరాను. చిన్నప్పటి నుంచి రన్ అంటే పరుగెత్తడం అనే తెలుసు. ఇక్కడ మేనేజర్ ‘లెట్ మీ రన్ దిస్ బై ద క్లయింట్’ అంటారు. పక్క సీటాయన ‘వుయ్ ఆర్ రన్నింగ్ లేట్’ అంటాడు. ‘మై నోస్ ఈజ్ రన్నింగ్’ అని చెప్పి సెలవు పెడతాడు. డిక్షనరీ తీస్తే ఈ ఒక్క మాటకే పేజీలకు పేజీలు. ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా?”

బట్టీ పట్టొద్దండీ. పట్టాలన్నా అయ్యే పని కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువును సవరించేటప్పుడు పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు కూర్చున్నాడు. చివరికి ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి. 1989 నాటి రెండో ముద్రణలో 430 అర్థాలతో మొదటి స్థానంలో ఉన్న ‘సెట్’ను ఇది దాటేసింది. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి. నిఘంటువు రాసేవాళ్ళ పని ప్రతి చిన్న తేడానూ విడదీసి చూపించడం. బస్సు రన్ అయితే ఒక అర్థం, బస్సును ఎవరో రన్ చేస్తే ఇంకో అర్థం, బస్సు ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి రన్ అయితే మరో అర్థం. మాట్లాడేవాళ్ళ బుర్రలో ఉండేది మాత్రం నాలుగో ఐదో భావాలే.

నేను చాలా ఏళ్ళు ఒక తెలుగు దినపత్రికలో అనువాదాల డెస్కు మీద పనిచేశాను. ఇప్పుడు ఇంగ్లిష్ చెబుతున్నాను. రెండు చోట్లా గమనించింది ఒకటే. ఈ మాట దగ్గర మనవాళ్ళు తడబడేది అర్థాలు మరీ ఎక్కువ కావడం వల్ల కాదు. బడిలో మొదటి రోజే దీనికి ‘పరుగెత్తు’ అని ఒకే జోడీ కట్టేశారు, అక్కడ వచ్చింది చిక్కు. నిజానికి ఇంగ్లిష్‌లో రన్ చేసే చాకిరీలో సింహభాగం తెలుగులో ‘నడుచు’ చేస్తుంది. మిగిలిన దాంట్లో పెద్ద వాటా ‘పారు’, ‘కారు’ అనే మాటలది. పరుగెత్తడం వాటా చిన్నదే.

నడక సంగతి ముందు చూద్దాం. రైల్వే స్టేషన్‌లో కూర్చున్నప్పుడు మైకులో వచ్చే ప్రకటన విన్నారా? తెలుగులో ఫలానా రైలు “ఆలస్యముగా నడుచుచున్నది” అంటారు. వెంటనే ఇంగ్లిష్‌లో “ఈజ్ రన్నింగ్ లేట్” అంటారు. అదే రైలు, అదే ఆలస్యం. వాళ్ళ భాషలో పరుగెత్తుతుంది, మన భాషలో నడుస్తుంది. మీ పక్క సీటాయన “వుయ్ ఆర్ రన్నింగ్ లేట్” అన్నదీ ఇదే వరస, “మనకు లేటవుతోంది” అని. అక్కడ ఎవరూ పరుగెత్తడం లేదు.

ఇదొక్కటి పట్టుకుంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. గడియారం నడుస్తుంది, మిల్లు నడుస్తుంది, ఇంజను నడుస్తుంది, కొట్టు నడుస్తుంది, ఇల్లు నడుస్తుంది. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో రన్ సరిపోతుంది. పేపర్లో చిన్న ప్రకటనలు చూడండి: “రన్నింగ్‌లో ఉన్న టిఫిన్ సెంటర్ లీజుకు ఇవ్వబడును.” ఆ ప్రకటన ఇచ్చినాయన ఇంగ్లిష్ చదువుకున్నాడో లేదో కానీ మాటను మాత్రం సరిగ్గా వాడాడు. అంటే మీకు ఈ అర్థం తెలియక కాదు, తెలుసని తెలియక.

అలాగని ‘నడుస్తోంది’ వచ్చిన ప్రతిచోటా రన్ పెట్టేయకండి. క్లాసు నడుస్తోంది, గొడవ నడుస్తోంది, చర్చ నడుస్తోంది అన్న చోట వాళ్ళు ‘గోయింగ్ ఆన్’ అంటారు. కోర్టులో కేసు నడుస్తోంది అంటే పెండింగ్‌లో ఉన్నట్టు. యంత్రమో, సంస్థో, సర్వీసో, అంటే ఒకసారి ఏర్పాటు చేశాక దాని పని అది చేసుకుపోయేది ఏదైనా ఉంటే అక్కడ రన్.

ఇక్కడ వ్యాకరణం ఒకటుంది, కాస్త నిలబడి చూడాల్సింది. తెలుగులో దానంతట అది జరిగితే ‘నడుచు’, ఎవరైనా జరిపిస్తే ‘నడుపు’. మాట రూపమే మారుతుంది. ఇంగ్లిష్‌లో మారదు. “ద బస్ రన్స్ ఎవ్రీ అవర్” అంటే గంటకో బస్సు నడుస్తుంది. “ఆర్టీసీ రన్స్ ద బస్” అంటే ఆర్టీసీ ఆ బస్సు నడుపుతుంది. మాట ఒకటే, తేడా అంతా పక్కన ఏముందన్న దాంట్లో. రన్ తర్వాత వెంటనే ఒక వస్తువో, సంస్థో, కార్యక్రమమో కనిపిస్తే ‘నడపడం’. ఏమీ లేకపోతే ‘నడవడం’. ఆఫీసులో “ఐ యామ్ రన్నింగ్ ద రిపోర్ట్”, “ద రిపోర్ట్ ఈజ్ రన్నింగ్” అనే రెండు వాక్యాలకూ తేడా అదే.

అయితే మన ‘నడుపు’లో ఒక గుంట ఉంది. డ్రైవరూ బస్సు నడుపుతాడు, ఓనరూ బస్సులు నడుపుతాడు. ఇంగ్లిష్ ఈ ఇద్దరినీ విడదీస్తుంది: స్టీరింగ్ పట్టుకుంటే డ్రైవ్, పెట్టుబడి పెట్టి వ్యాపారం చూసుకుంటే రన్. విదేశీ చదువుకు వెళ్ళబోయే పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తున్నప్పుడు కోదాడ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయిని “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అని ఇంగ్లిష్‌లో అడిగారు. “హి డ్రైవ్స్ టూ లారీస్” అంది. అడిగినాయన చాలా సీరియస్‌గా “ఒకేసారా?” అన్నాడు. గది గదంతా నవ్వింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. “మా నాన్న రెండు లారీలు నడుపుతాడు” అనే తెలుగు వాక్యంలో ఏ లోపమూ లేదు. మాట మార్చి “హి రన్స్ టూ లారీస్” అనుంటే సరిపోయేది. ఫీజు కట్టగల తండ్రి అని అవతలి వాళ్ళకు అర్థమయ్యేది కూడా.

దీనికి తోబుట్టువు ఇంకోటి. మన దగ్గర “మెస్ మెయింటెయిన్ చేస్తున్నాడు”, “హాస్టల్ మెయింటెయిన్ చేస్తున్నారు” అంటారు. దాన్నే ఇంగ్లిష్‌లోకి తెచ్చి “మై అంకుల్ ఈజ్ మెయింటైనింగ్ ఎ మెస్” అంటే బయటివాళ్ళకు ఆయన మరమ్మతులు చూసుకునే మనిషిలా వినిపిస్తాడు. అంతకంటే ప్రమాదం, మెస్ అంటే వాళ్ళకు గందరగోళం కూడానూ. “హి రన్స్ ఎ స్మాల్ రెస్టారెంట్” అనండి, పని అయిపోతుంది.

వయసు విషయంలోనూ ఈ నడక మనల్ని ఇరికిస్తుంది. “నాకు ముప్ఫై నడుస్తోంది” అంటాం, దాన్ని కాస్త స్టయిల్‌గా “థర్టీ రన్నింగ్” చేస్తాం. జాతకాల్లో దశ నడిచినట్టు వయసూ నడవడం మనకు సహజం. ఇంగ్లిష్ దేశాల్లో ఇది ఎవరికీ తెలియదు. అక్కడ నిండిన వయసే చెబుతారు. ముప్ఫై నడుస్తుంటే “ఐ యామ్ ట్వెంటీ నైన్”, అంతే. ఏడాది తగ్గింది కాబట్టి మనకే లాభం.

రెండోది పారడం. మీ ప్రశ్నలో ముక్కు ఇక్కడికొస్తుంది. రన్ పుట్టుకలోనే నీళ్ళున్నాయి. పాత ఇంగ్లిష్‌లో దీని పూర్వరూపమైన ‘రిన్నన్’కు పరుగెత్తడమూ, ప్రవహించడమూ రెండూ అర్థాలే. దీని దాయాదులు జర్మన్‌లో ఇప్పటికీ విడివిడిగా బతుకుతున్నాయి. రెనెన్ అంటే పరుగెత్తడం, రినెన్ అంటే కారడం. ఇది విని వింతగా అనిపిస్తే మన ‘పారు’ను చూడండి. కాలువలో నీళ్ళు పారతాయి, దొంగ పారిపోతాడు. ఒకే మాట నీటికీ కాళ్ళకూ పనిచేయడం మనకు కొత్తేమీ కాదు. కాబట్టి రన్ పక్కన తడిగా ఉండేది ఏదైనా కనిపిస్తే పారడమో కారడమో అని చదువుకోండి. “మై నోస్ ఈజ్ రన్నింగ్” అంటే ముక్కు కారుతోంది. “డోంట్ లీవ్ ద ట్యాప్ రన్నింగ్” అంటే కొళాయి వదిలేసి పోవద్దు. ఉల్లిపాయ తరిగితే కళ్ళు రన్ అవుతాయి. “ద కలర్స్ రాన్” అంటే బట్టల రంగు దిగిందని. కొత్త ఎర్ర చీరను తెల్ల చొక్కాలతో కలిపి నానబెట్టినవాళ్ళకు ఈ వాక్యం వేరే వివరించక్కర్లేదు.

ఇందులోంచే ‘రన్నీ’ వచ్చింది. పప్పు జారుగా ఉంటే రన్నీ, గుడ్డులో పచ్చసొన గట్టిపడకుండా ఉంటే రన్నీ. డాక్టరు దగ్గర మనం “రన్నింగ్ నోస్ ఉంది” అంటాం. ఇంగ్లిష్‌లో నామవాచకంగా ‘రన్నీ నోస్’ అనాలి, వాక్యంలో క్రియగా అయితే ‘నోస్ ఈజ్ రన్నింగ్’ సరైనదే. ఇంకో మాట కూడా చెప్పాలి: ‘ద రన్స్’ అంటే విరేచనాలు. మనం మర్యాదగా మోషన్స్ అంటామే, అదే. “ఐ హావ్ ద రన్స్” అని ఎవరైనా అంటే స్కోరెంత అని అడగొద్దు. జ్వరం కాస్తుంటే “రన్నింగ్ ఎ టెంపరేచర్”.

పారే నీటికి ఒక దారి ఉంటుంది కదా. ఆ దారి నుంచి ఇంకో వాడుక పుట్టింది. కదలని వస్తువులు కూడా రన్ అవుతాయి. ఎన్‌హెచ్ 65 పుణె నుంచి హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా ‘రన్స్’. రోడ్డు అంగుళం కూడా కదలదు. తెలుగులోనూ “ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది?” అంటాం, అది మాత్రం పోతుందా ఏమిటి? గోడ, కంచె, పైపులైను, చొక్కా మీద గీత, వీపు మీద మచ్చ, పొడుగ్గా సాగినదేదైనా రన్ అవుతుంది. వంశంలో సాగే గుణానికీ ఇదే మాట. “డయాబెటిస్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ” అంటే షుగరు వాళ్ళ వంశంలో ఉంది. లేదనాలంటే మనకు ‘మా ఇంటా వంటా లేదు’ అనే చక్కటి మాట ఉంది, ఇంగ్లిష్‌వాడు మళ్ళీ ఈ రన్‌కే ‘డజంట్’ తగిలించుకోవాలి.

ఈ పొడుగు అర్థం మన ఊళ్ళలో ఎంత వాడుకలో ఉందో గమనించారా? వడ్రంగిని గానీ గ్రానైట్ పని చేసేవాళ్ళను గానీ రేటు అడగండి. “అంచు పాలిష్ రన్నింగ్ ఫీట్ లెక్క, పలక స్క్వేర్ ఫీట్ లెక్క” అంటాడు. అంటే వెడల్పుతో పనిలేదు, పొడుగు ఎంత సాగిందో అంతే. చీరల కొట్టుకు వెళ్తే “దీనికి రన్నింగ్ బ్లౌజ్ వస్తుందమ్మా” అంటారు. చీర గుడ్డే ఆపకుండా సాగి చివర జాకెట్టు ముక్క అవుతుందని. థాన్‌లోంచి మీటర్ల లెక్కన కోసి అమ్మేది రన్నింగ్ మెటీరియల్. సివిల్ కాంట్రాక్టర్లు పని మధ్యలో పెట్టుకునే ఆర్‌ఏ బిల్లు అంటే రన్నింగ్ అకౌంట్ బిల్లు. లెక్క మూయకుండా జరిగిన పనికి జరిగినట్టు సాగుతూ పోయే ఖాతా. రన్నింగ్ కామెంటరీలోనూ, క్లాసులో సారు చెబుతుంటే చేతులు పడిపోయేలా రాసుకున్న రన్నింగ్ నోట్స్‌లోనూ ఉన్నది ఇదే ‘ఆపకుండా’ అనే భావం. నిఘంటువు పేజీలు చదవడం కంటే ఒకరోజు బజారులో తిరిగితే రన్ బాగా వస్తుందని నేను అనేది అందుకే.

రైల్వేలో ఒక తమాషా ఉంది. లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్లు (పాత పేరు గార్డులు) వంటి బండితోపాటు వెళ్ళే ఉద్యోగులను రన్నింగ్ స్టాఫ్ అంటారు. వాళ్ళు డ్యూటీ దిగి అవతలి ఊళ్ళో పడుకునే గది పేరు రన్నింగ్ రూమ్. పేరు వింటే లోపల ట్రెడ్‌మిల్లు ఉందేమో అనిపిస్తుంది. ఉండేవి మంచాలు.

సినిమాకు మాత్రం మనం నడకా పారకమూ కాకుండా ‘ఆడు’ వాడతాం. సినిమా వంద రోజులు ఆడింది, “ఇట్ రాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్”. ట్రేడ్ వార్తల్లో “ఫుల్ రన్‌లో ఎంత షేర్ వచ్చింది” అని రాసేది ఈ రన్నే, మొదటి ఆట నుంచి బొమ్మ ఎత్తేసేదాకా. రన్ టైమ్ మాత్రం సినిమా నిడివి. ఈ రెండూ కలిపేసి “రన్ టైమ్ మూడు వారాలు” అని రాసిన కాపీలు నా చేతికి వచ్చేవి.

క్రికెట్ రన్‌ను తెలుగులో పరుగు అనే అంటాం. ఇక్కడ బడిలో చెప్పిన జోడీ సరిపోతుంది అనుకుంటాం గానీ, అదీ పూర్తిగా కాదు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్ 281 కొట్టాడు. అందులో 44 ఫోర్లు, అంటే 176 పరుగులకు పరుగెత్తాల్సిన పనే లేదు. మిగిలిన 105కే కాళ్ళకు పని. వికెట్ల మధ్య పరుగెత్తడం నుంచే ఆ పేరు వచ్చినా, ఇప్పుడది ఒక లెక్క పేరు మాత్రమే.

ఇక రన్ ముందు ఇంకో మాట చేరితే: ట్రయల్ రన్, డ్రై రన్, వెట్ రన్. ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూడటం. 2020 డిసెంబరు చివర్లో కరోనా టీకాకు నాలుగు రాష్ట్రాల్లో డ్రై రన్ జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కృష్ణా జిల్లాలో చేశారు. జనాన్ని పిలిచారు, వరసలో కూర్చోబెట్టారు, పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించారు, పరిశీలన గదికి పంపారు, అన్నీ చేశారు. టీకా ఒక్కటే వేయలేదు. డ్రై అంటే అదే, అసలు సరుకు లేకుండా. కాళేశ్వరం ఎత్తిపోతల పంపులకు 2019లో వెట్ రన్ చేశారని పేపర్లలో చదివి ఉంటారు. ముందు నీళ్ళు లేకుండా మోటారు తిప్పి చూడటం డ్రై, తర్వాత నీటిని ఎత్తి చూడటం వెట్. మీ ఆఫీసులో “లెట్స్ డూ ఎ డ్రై రన్ బిఫోర్ ద డెమో” అంటే క్లయింట్ లేకుండా మనలో మనం ఒకసారి చూపించుకుందాం అని.

డెస్కు మీద రన్ పెట్టిన కష్టాలు ఇంకో రకం. ఎన్నికలప్పుడు అమెరికావాళ్ళు ‘రన్ ఫర్’ అంటారు, బ్రిటన్‌వాళ్ళు ‘స్టాండ్ ఫర్’ అంటారు. మన ఊళ్ళో సర్పంచ్‌గా ‘నిలబడ్డాడు’ అంటాం, అంటే ఈ ఒక్క విషయంలో మనం బ్రిటన్ పక్షం. ఒక కుర్ర సబ్ ఎడిటర్ రన్నింగ్ మేట్‌ను ‘పరుగుల సహచరుడు’ అని దించాడు. అధ్యక్ష అభ్యర్థి వెంట ఉపాధ్యక్ష పదవికి నిలబడే మనిషి అన్నమాట అది. మాట గుర్రప్పందేల నుంచి వచ్చింది. ఒకే శాలలోని రెండు గుర్రాల్లో ఒకటి ఇంకోదానికి ఊపునిస్తూ పక్కన పరుగెత్తేది. 2024లో ట్రంప్ తన రన్నింగ్ మేట్‌గా జేడీ వాన్స్‌ను ప్రకటించినప్పుడు ఈ మాట తెలుగు పేపర్లన్నిటికీ ఒక్కసారిగా అవసరపడింది. వాన్స్ భార్య ఉష మూలాలు పశ్చిమ గోదావరివి కాబట్టి మొదటి పేజీ వార్త. అందరూ హాయిగా ‘ఉపాధ్యక్ష అభ్యర్థి’ అనే రాశారు. అదే మంచి పని. పందెం నుంచే వచ్చిన ఇంకోటి ‘ఆల్సో రాన్’. ఫలితాల పట్టికలో గెలిచినవాటి కింద ‘ఇవీ పరిగెత్తాయి’ అని వేసే గుర్రాల జాబితా. ఎన్నికల్లో అయితే లెక్కలోకి రాని అభ్యర్థులు.

‘రన్ ఆన్ ఎ బ్యాంక్’ను ‘బ్యాంకుపై పరుగు’ అని రాసినా తెలుగు పాఠకుడికి ఏమీ అందదు. డిపాజిటర్లు డబ్బు కోసం ఎగబడ్డారు అనాలి. 2007లో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం క్యూలు కట్టారు. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులోనే 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి ఖాతాదారులు పూనుకున్నారు, చాలావరకు ఇంట్లో కూర్చునే. మర్నాడు బ్యాంకు మూతపడింది. కాళ్ళు కదపకుండా రన్ చేయడమంటే ఇదే. సరుకుల మీదా రన్ ఉంటుంది. 2020లో శానిటైజర్ల మీద వచ్చింది.

‘రన్ ఆఫ్ ద మిల్’ అంటే సాదాసీదా. మిల్లులోంచి ఏరకుండా, రకాలు చేయకుండా వచ్చింది వచ్చినట్టుగా ఉన్న సరుకు. సింగరేణి ప్రాంతంవాళ్ళకు ఇది ఇంకా సులువు. గనిలోంచి వచ్చింది వచ్చినట్టు అమ్మే బొగ్గును ‘రన్ ఆఫ్ మైన్’ అంటారు. గుజరాత్‌లోని ‘రణ్ ఆఫ్ కచ్’కు మాత్రం దీంతో ఏ చుట్టరికమూ లేదు. అది ఉప్పు ఎడారి, మాటే వేరు.

ఇప్పుడు అసలు చిక్కుముడి: వెనకొచ్చే చిన్న మాటలు. అవుట్, ఇన్‌టు, ఓవర్, డౌన్, త్రూ, బై. ఇక్కడ మాత్రం భావం ఊహించి ప్రయోజనం లేదు. రన్‌నూ ఆ చిన్న మాటనూ కలిపి ఒకే మాటగా, దాని పక్కన మీరు ఇంట్లో అనే తెలుగు వాక్యంతో సహా రాసుకోవాలి. అన్నీ కాదు, రోజూ తగిలే కొన్ని చాలు.

‘రన్ అవుట్ ఆఫ్’ అంటే అయిపోవడం. మన ఇళ్ళలో బియ్యం, ఉప్పు, పసుపు అయిపోయాయి అనరు. నిండుకున్నాయి అంటారు. “వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్” అంటే అదీ. ఇందులో మెలిక ఒకటి. మనిషి కర్త అయితే ‘ఆఫ్’ కావాలి, వస్తువు కర్త అయితే అక్కర్లేదు. “ఐ హావ్ రన్ అవుట్ ఆఫ్ పెట్రోల్”, “ద పెట్రోల్ హాజ్ రన్ అవుట్”. మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

‘రన్ ఇన్‌టు’ మూడు రకాలు. మనిషి మనిషిని రన్ ఇన్‌టు చేస్తే అనుకోకుండా ఎదురుపడటం. లారీ చెట్టును చేస్తే గుద్దుకోవడం. ఖర్చు ‘రన్స్ ఇన్‌టు క్రోర్స్’ అంటే కోట్లలోకి వెళ్ళడం. ‘రన్ ఓవర్’లో జాగ్రత్తగా ఉండాలి. మీటింగ్ రన్ ఓవర్ అయితే అనుకున్న టైమ్ దాటిందని, మనిషి రన్ ఓవర్ అయితే బండి మీద నుంచి వెళ్ళిందని. “సారీ, ఐ వాజ్ రన్ ఓవర్” అని లేటుగా వచ్చిన ఉద్యోగి అంటే మేనేజర్ అంబులెన్స్ పిలవాల్సి వస్తుంది. బ్యాటరీ రన్ డౌన్ అయితే ఛార్జింగ్ దిగిపోయింది. మనిషిని రన్ డౌన్ చేస్తే కించపరచడం, లేదా బండితో గుద్దడం. సందర్భమే చెబుతుంది. ‘రన్ త్రూ’ మొదటి నుంచి ఒకసారి చూసుకుపోవడం.

మీ మేనేజర్ వాడిన ‘రన్ బై’కి తెలుగులో అచ్చంగా సరిపోయేది ఉంది: చెవిన వేయడం. “లెట్ మీ రన్ దిస్ బై ద క్లయింట్” అంటే “ఈ సంగతి ఒకసారి క్లయింట్ చెవిన వేస్తాను” అని. అనుమతి అడగడమంత గట్టిగానూ ఉండదు, ఊరికే చెప్పడమంత తేలిగ్గానూ ఉండదు. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెబుతారన్న లెక్క. మీరూ ధైర్యంగా వాడండి, “కెన్ ఐ రన్ సమ్‌థింగ్ బై యూ?” అని. కొత్తగా చేరినవాళ్ళు పెద్దవాళ్ళను కదిపి చూడటానికి దీనంత మర్యాదైన మాట ఆఫీసు ఇంగ్లిష్‌లో తక్కువ.

నిఘంటువు కొనేటట్టయితే ఆ 645 అర్థాల మహాగ్రంథం మీకు అక్కర్లేదు. నేర్చుకునేవాళ్ళ కోసం ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్ళు వేసేవి ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఉచితంగానూ దొరుకుతాయి. వాటిలో అర్థం కంటే ముందు ఉదాహరణ వాక్యం చదవండి. మేజోళ్ళలో పడే చిరుగు, కోళ్ళను తిప్పే కంచె, మంచు మీద జారే దారి లాంటివి కనిపిస్తే వదిలేయండి. అవసరం వచ్చిన రోజు చూసుకోవచ్చు.

రూపాలు మాత్రం ఇప్పుడే సరిచూసుకోండి: రన్, రాన్, రన్. మొదటిదీ మూడోదీ ఒకటే. అందుకే “ద జాబ్ హాజ్ రాన్” అని మెయిల్‌లో రాయకూడదు, “హాజ్ రన్” అని రాయాలి. నిన్నటి సంగతి చెబుతూ టైమ్ కూడా రాస్తుంటే “ద జాబ్ రాన్ ఎట్ టెన్”. ఇంటర్వ్యూలు చేసేవాళ్ళకు, ఈమెయిళ్ళు చదివేవాళ్ళకు 645 అర్థాల్లో మీకెన్ని వచ్చో తెలియదు గానీ, ‘హాజ్ రాన్’ మాత్రం వెంటనే కంట్లో పడుతుంది.